రుచి తెలిసిన హంతకుడు

‘కొలంబో’ డిటెక్టివ్ సీరియల్ చూసినవాళ్లు నలుగురు కూడితే, మాట ఎక్కడ మొదలైనా చివరికి ఆ వైన్ ఎపిసోడ్ దగ్గరికే చేరుతుంది. ‘ఎనీ ఓల్డ్ పోర్ట్ ఇన్ ఎ స్టార్మ్’. 1973 అక్టోబరులో అమెరికాలో ఎన్‌బీసీ వాళ్లు వేశారు. అర్ధశతాబ్దం దాటినా జనం తీర్పులో మార్పు లేదు. అంత గొప్ప ఎపిసోడ్ ఇంకోటి లేదట. పాపం, ఆ హంతకుడు ఎంత పెద్దమనిషో అట! సరిగ్గా ఆ ‘పాపం’ దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంతకీ ఆ పెద్దమనిషి చేసిన పని ఏమిటి? పేరు ఏడ్రియన్ కార్సినీ. కాలిఫోర్నియాలో ద్రాక్షతోట, మేలురకం వైన్ తయారీ. అమ్మే హక్కు మాత్రం సవతి తమ్ముడు రిక్‌ది. రిక్ షోకిల్లా రాయుడు, డబ్బు కావాలి. చౌక వైన్ కంపెనీకి అమ్మేస్తానన్నాడు. అన్నగారు తల మీద ఒక్కటిచ్చి, స్పృహ తప్పినవాణ్ని కట్టేసి, వైన్ దాచే గదిలో పడేసి, గాలి ఆడకుండా ఏసీ ఆపేసి, న్యూయార్క్‌లో వేలంపాటకి విమానమెక్కాడు. తమ్ముడు ఇక్కడ ఊపిరాడక చస్తుంటే ఆయన అక్కడ ఒక పాత సీసా మీద వేల డాలర్లు పాట పెంచుతుంటాడు. తిరిగొచ్చి శవాన్ని సముద్రంలో పడేసి, ఈతకెళ్లి పోయాడని నమ్మించబోయాడు. అదీ పెద్దమనిషి తరహా.

ఈ ఎపిసోడ్‌కి వంకలు పెట్టేవాళ్లూ లేకపోలేదు. ఏసీ ఆపితే మనిషి చస్తాడా అని ఒకరు, కొద్దిరోజుల ఎండకే అన్ని సీసాలూ పాడవుతాయా అని ఒకరు, ఈ సాక్ష్యం ఏ కోర్టులో నిలుస్తుందని మరొకరు. అడగాల్సిన ప్రశ్నలే. ఇంజనీర్లు, ప్లీడర్లు తేల్చుకోవచ్చు.

నాకు సహించనిది ఇంకో రకం. హంతకుడెవరో మొదటే చూపించేశాక ఇంకేం చూస్తామండీ అని పెదవి విరిచేవాళ్లు. ఇది కొలంబోతో పుట్టిన పద్ధతి కూడా కాదు. ఆస్టిన్ ఫ్రీమన్ 1912లోనే ‘ది సింగింగ్ బోన్’ కథల్లో ముందు నేరం చూపించి, తర్వాత పట్టుకోవడం చూపించాడు. అసలు ఈ విషయంలో నాకు శిక్షణ ఇచ్చింది మా ఊరి అద్దె పుస్తకాల కొట్టు. కొమ్మూరి సాంబశివరావు నవలల కోసం అక్కడ వంతులుండేవి. నా కంటే ముందు వాటిని అద్దెకి తీసుకెళ్లే మహానుభావుడొకడు ఉండేవాడు. కథలో హంతకుడి పేరు మొదటిసారి ఎక్కడ వస్తే అక్కడ, పక్కన మార్జిన్‌లో, పెన్సిల్‌తో ‘వీడే’ అని రాసేవాడు. ముత్యాల్లాంటి దస్తూరీ. కొట్టువాడికి చెప్పుకుంటే రబ్బరు పెట్టి చెరుపుకోమన్నాడు. కాగితం మీద చెరిపితే బుర్రలోంచి పోతుందా? పోనీ పుస్తకం తిరిగి ఇచ్చేద్దామా అంటే అద్దె డబ్బులు వెనక్కి రావు. అలా ‘వీడే’ అని తెలిసి చదివిన పుస్తకాల్లోనే డిటెక్టివ్ యుగంధర్ ఏ మాట ఎందుకు అడుగుతున్నాడో, అవతలివాడు ఎక్కడ తడబడుతున్నాడో బాగా కనిపించేది. అయినా సరే, ఆ పెన్సిల్ మనిషిని మాత్రం ఈనాటికీ క్షమించలేదు. ఎక్కడున్నా అతని పెన్సిళ్లన్నీ ముక్కు విరిగిపోవాలి!

కార్సినీ వేషం వేసింది డోనాల్డ్ ప్లెజెన్స్. 1967 జేమ్స్ బాండ్ సినిమాలో గుండు విలన్ బ్లోఫెల్డ్ ఆయనే. ఇక్కడ మాత్రం మాట మెత్తన, నడక మెత్తన. గ్లాసు పట్టుకుంటే పసిబిడ్డని ఎత్తుకున్నట్టే. ఎదురుగా నలిగిన రెయిన్‌కోటులో, పోలీసు లెఫ్టినెంట్ కొలంబోగా పీటర్ ఫాక్. కార్సినీని పట్టుకోవడానికి పాపం ఆ లెఫ్టినెంట్ వైన్ పాఠాలు నేర్చుకుంటాడు. ఆఖరికి పెద్ద హోటల్లో విందుకి పిలిచి, ఖరీదైన పాత పోర్ట్ వైన్ పోయిస్తాడు. కార్సినీ ఒక్క గుక్క తాగి మండిపడతాడు: ఇది ఎండకి పాడైన సరుకు! కానీ ఆ సీసా కొలంబో కార్సినీ గదిలోంచే తెచ్చాడు. అంత వేడి ఆ గదిలోకి ఎలా వచ్చినట్టు? ఏసీ ఎవరు ఆపినట్టు? ఎవరూ పట్టుకోలేనివాణ్ని వాడి నాలుకే పట్టిచ్చింది. ఈ సీను గొప్పదని అందరితోపాటు నేనూ ఒప్పుకుంటాను.

దాన్ని చూసే జనం కార్సినీకి సన్మానం చేస్తారు. మనం తక్కువ తిన్నామా? 1975లో వచ్చిన ‘ముత్యాలముగ్గు’ సినిమాలో విలన్ కాంట్రాక్టరు చేసిన పాపాలు ఎన్నో. కానీ బాపు రమణలు అతని చేత సూర్యోదయం చూపించి, కళాపోషణ గురించి మాట్లాడించారు. రావు గోపాలరావు ఆ మాటలు విరిచి విరిచి అంటుంటే హాలంతా ఊగిపోయింది. ఆ డైలాగులు ఇప్పటికీ జనం నోళ్లలో ఆడుతున్నాయి. కాపురం కూలిన ఇల్లాలి మాటలు ఎంతమందికి గుర్తున్నాయి? రుచి తెలిసినవాడు తప్పు చేస్తే మనకి చప్పున జాలి పుట్టుకొస్తుంది. చౌకరకం మనిషి చచ్చిపోతే అంత జాలి పుట్టదు.

కాంట్రాక్టరు పక్కన సెక్రటరీ ఉన్నట్టే కార్సినీ పక్కనా ఒక సెక్రటరీ ఉంది, కేరెన్. ఈ వేషం వేసిన జూలీ హారిస్ సామాన్యురాలు కాదు, నటనకి అయిదు టోనీ అవార్డులు గెలిచిన రంగస్థల నటి. ఏళ్ల తరబడి అతని లెక్కలు, ఉత్తరాలు, ప్రయాణాలు చూసుకున్న మనిషి కేరెన్. అతనికోసం పోలీసులకి అబద్ధం చెబుతుంది. నిజం తనకి తెలుసని సూచించి, పెళ్లి ప్రస్తావన తెస్తుంది. అంతే, ప్రేక్షకులు విరుచుకుపడతారు. బ్లాక్‌మెయిలు అంటారు, రాక్షసి అంటారు, ఆవిడతో కాపురం కంటే జైలే నయమంటారు. తమ్ముణ్ని ఊపిరాడకుండా చంపినవాడు పెద్దమనిషి, పెళ్లి చేసుకోమన్న ఆడది రాక్షసి. ఎక్కడి న్యాయం ఇది? అబద్ధానికి ఆమె ధర అడిగింది, నిజమే. ఇన్నేళ్ల చాకిరీకి ఇంతకుముందు ఆమెకి ధర ఎవరైనా కట్టారా?

చివర్లో కొలంబో కార్సినీతో కలిసి వైన్ తాగుతాడు, ఎంచి తెచ్చినందుకు మెచ్చుకోలు కూడా పొందుతాడు. దాన్ని చూసే జనం కళ్లు తుడుచుకుంటారు. కానీ కొలంబో గ్లాసు అందించినా అరెస్టు మానలేదు. ఈ తేడా ఆయనకి తెలిసినంతగా మనకి తెలియదు. కాబట్టి ఎపిసోడ్ మళ్లీ చూడబోయేవాళ్లకి ఒక్క మనవి. రిక్‌ని పెళ్లాడబోయిన అమ్మాయి అతను కనబడటం లేదని పోలీసుల దగ్గరికి వస్తుంది. దయచేసి ఆ సీను ముందుకి జరపకండి.