మొదటి ప్రతిజ్ఞలు సులువు

భిలాయి సెక్టర్ 7 అంటే బయటివాళ్లకు కళ్యాణ్ కాలేజీ గుర్తొస్తుంది. అక్కడ ఉండేవాళ్లకు ఉక్కు కర్మాగారం క్వార్టర్ల వరసలు. ఒక గుమ్మానికి మామిడి తోరణం, పక్క గుమ్మం మీద శిలువ, ఆ పై ఇంట్లో బుద్ధుడి పక్కనే నీలం కోటు అంబేడ్కర్. ఫ్యాక్టరీ కొలువులకు ఉత్తరాంధ్ర నుంచి తెలుగువాళ్లు వచ్చినట్టే విదర్భ నుంచి మరాఠీ బౌద్ధులూ వచ్చారు. నాగపూర్ భిలాయి మీదుగా పోయే రైలు దారిలోనే ఉంది మరి.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేడ్కర్ బౌద్ధ దీక్ష తీసుకుని, తన వెంట వచ్చిన లక్షల మందితో 22 ప్రతిజ్ఞలు చేయించారు. మొదటివన్నీ మానేయాల్సినవి: ఫలానా దేవుళ్లను కొలవను, శ్రాద్ధం పెట్టను. వీటిని పాటిస్తే నలుగురికీ కనిపిస్తుంది. గోడ మీద పటం మార్చినా చాలు, వీధికి తెలిసిపోతుంది. తొమ్మిదోది మనుషులంతా సమానమని. పద్నాలుగు నుంచి పదిహేడు దాకా దొంగతనం, అబద్ధం, వ్యభిచారం, తాగుడు. వీటికి కాపలా ఎవరు?

బుద్ధపూర్ణిమ నాడు తెల్లబట్టలు కట్టుకుని విహారంలో పంచశీలం చెప్పినవాడే రాత్రికి సీసా తీస్తాడు. ఇంట్లో పాచిపనికొచ్చే బాయికి టీ ఇచ్చే గ్లాసు విడిగా కిటికీ గట్టు మీద బోర్లించి ఉంటుంది. ఈ జబ్బు బౌద్ధులకే పరిమితం కాదు, సెక్టర్ 5 బాలాజీ గుడికి వెళ్లే మనవాళ్ల వంటిళ్లలోనూ అలాంటి గ్లాసే ఉంది. కాకపోతే అంటరానితనం బాధ తాతల నుంచి విన్న ఇంట్లో అది కనిపిస్తే ఎక్కువ గుచ్చుకుంటుంది.

పదిహేడో ప్రతిజ్ఞను ఆచరణలో పెట్టించినవాళ్లు ఆ ప్రాంతంలోనే ఉన్నారు, దీక్ష మాత్రం తీసుకోలేదు. భిలాయికి ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజహరా గనుల్లో కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగి సంఘం పోరాడి కూలి పెంచించింది. పెరిగిన డబ్బు సారా దుకాణానికి పోతోందని చూసి, తాగుడు మాన్పించే ఉద్యమం మొదలుపెట్టింది. సారా వ్యాపారులకు అది కంటగింపైంది. 1983లో కార్మికులు సొంతంగా షహీద్ ఆసుపత్రి కట్టుకున్నారు. నియోగిని 1991 సెప్టెంబరు 28న భిలాయిలోనే, నిద్రలో ఉండగా కాల్చి చంపారు.

తంతు కన్నా నడవడి ముఖ్యమనే లెక్క బౌద్ధంలో చాలా పాతది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీదున్న అశోకుడి శాసనాల్లో ఒకటి ఈ మాటే ఎత్తుకుంటుంది. జబ్బు చేస్తే, పెళ్లయితే, ప్రయాణం కడితే జనం ఏవేవో తంతులు చేస్తారనీ, వాటి ఫలం కొంచెమేననీ అంటాడు. అసలు తంతు ఏదో చెబుతూ దాసులతో, సేవకులతో సరిగా మెలగడాన్ని ముందు పెట్టాడు, శ్రమణులకు ఇచ్చే దానాన్ని చివరికి నెట్టాడు. ఆ వరస ప్రకారం బాయికి ఒకటో తారీఖున జీతం చేతిలో పెట్టడం, జ్వరమొచ్చి రాని రోజుకు కోత పెట్టకపోవడం విహారానికి రాసే చందా కన్నా ముందొస్తాయి.