భవనాశి కెదురుగా

జలపాతమును చూడబోవువారిలో పెక్కుమంది జలపాతమును మాత్రమే చూచి వత్తురు. అచటినుండి ఆ నీరు ఎటు పోయెనో, ఏ దారిని దిగెనో విచారింపరు. ఒక పగటిలో ముగియునట్టియు, మితమైన శ్రమతో సాగునట్టియు అడవినడకను తలపెట్టినవాడు వాగునే దారిగా, దాని ఎగువనే గమ్యముగా పెట్టుకొన్నచో, ఏ మాసమున పోవలయునో, ఏ వేళకు బయలుదేరవలయునో, ఎచట ఆగి మరలవలయునో ఆ వాగే చెప్పగలదు. ఇందుకు నంద్యాల జిల్లాలో, ఆళ్ళగడ్డకు తూర్పున, నల్లమల ఒడిలో నున్న అహోబిలము చక్కని తావు. అచటి భవనాశి కొండవాగే గాని, దాని కెదురుగా నడచిన నాలుగు కిలోమీటర్లలో అడవియు, శిలయు, పురాణమును ఒకదానివెంట నొకటి ఎదురువచ్చును.

ముందుగా మాసమును నిర్ణయింపవలయును. నల్లమల క్వార్ట్‌జైట్ బండలును పలకరాయియు పొరలు పొరలుగా పేరుకొని ముడుతలుపడిన అతిప్రాచీన పర్వతశ్రేణి. క్వార్ట్‌జైట్ రాయి నీటిని తనలోనికి పీల్చుకొనదు గాని, దాని నెరియలలోనికి దిగిన వాననీరు కొంతకాలము లోపల నిలిచి, వానలు వెనుదిరిగిన పిమ్మట కూడ మెల్లమెల్లగా ఊటలై వెలికివచ్చును. అందుచేత వర్షర్తువున ఉద్ధృతమై, కార్తీక మార్గశిరములందు తేటవడి, మాఘము గడచినకొలది సన్నగిల్లి, వేసవిలో బండలనడుమ మడుగులుగా మిగులుట భవనాశి వార్షికచరిత్ర. వానకాలమున జలపాతము ఘనముగా నుండునన్న మాట నిజమే. కాని దారి వాగును పలుమారులు దాటుచు పోవును గనుక, ఎగువ కొండమీద జడివాన కురిసెనని దిగువనున్నవానికి తెలియకముందే నీరు మోకాలు దాటి రావచ్చును. నీరుండి వరదలేని నవంబరు, డిసెంబరు మాసములే నడకకు ఉత్తమములు. దినమును ఎన్నుకొనుటలోను మెలకువ వలయును. స్వాతి ఈ క్షేత్రమున పలు రూపులలో వెలసిన నృసింహుని జన్మనక్షత్రము గనుక ఆనాడు యాత్రికులు క్రిక్కిరిసి యుందురు. ఫాల్గుణమున బ్రహ్మోత్సవములు జరుగును. సామాన్యముగా పుణ్యదినమునకై పంచాంగము చూతురు. ఏకాంతము కోరువాడు పుణ్యదినము కాని దినమునకై చూడవలయును.

ముందునాటి రాత్రి దిగువ అహోబిలమున బసచేయుట మేలు. అచటి ఆలయసన్నిధిని నిలిచిన జయస్తంభము శ్రీకృష్ణదేవరాయలు నాటించినదని ప్రతీతి. ఇక్కడినుండి ఎగువ అహోబిలమునకు 8 కిలోమీటర్ల రోడ్డు. ఈ దూరమునకు కాళ్ళ సత్తువను వ్యయింపక, తెల్లవారగనే బస్సులోనో ఆటోలోనో పోవుట వివేకము. త్రోవప్రక్కనే విల్లు చేతబట్టిన కారంజ నృసింహుని దర్శింపవచ్చును. నూటయెనిమిది దివ్యదేశములలో నొకటియైన ఈ క్షేత్రమును పాడిన తిరుమంగై ఆళ్వారు, దీనిని దేవతలకు దక్క అన్యులకు చేరరానిదానిగా వర్ణించెను. ఆయన దుర్గమమన్న దారిలో మొదటి భాగమును నేడు పెట్రోలు దాటించుచున్నది. మిగిలిన భాగము ఇప్పటికిని కాళ్ళదే.

గరుడాద్రి, వేదాద్రుల నడుమనుండి దిగివచ్చు భవనాశి ఎగువ అహోబిలమున గుహాలయము చెంతనే ప్రవహించును. ఇక్కడ అద్దెకిచ్చు చేతికర్రను తీసికొనుటకు యౌవనవంతులు బిడియపడుదురు గాని, నీటిలోని బండ నిలుకడగా నున్నదో లేదో అడుగు పెట్టకముందే చెప్పునది ఆ కర్రయే. నడవలేని వృద్ధులను డోలీలలో మోయువారు కూడ ఇక్కడనే యుందురు. ఇక్కడినుండి జలపాతము చెంతనున్న జ్వాలానృసింహుని సన్నిధికి ఇంచుమించు 4 కిలోమీటర్లు. మైదానమున గంటకు నడువదగిన ఈ దూరమునకు ఇచట రెండుగంటలు, అలవాటు లేనివారికి మూడుగంటలును పట్టును. కావున ఉదయము ఏడింటికే బయలుదేరవలయును. మనిషికి రెండు లీటర్ల నీరు, ఒకపూట పులిహోర, జలపాతము క్రింద తడియుట తప్పదు గనుక ఒక మారుబట్ట, జారని అడుగుగల చెప్పులు ఉన్న చాలును, తక్కినది బరువే. సామానంతయు వీపున కట్టుకొని చేతులు ఖాళీగా నుంచుకొనవలయును: ఒక చేయి కర్రకు, ఒక చేయి బండకు అవసరము, పైగా చేత వ్రేలాడు సంచి తమకొరకే తెచ్చినదని ఇచటి కోతుల విశ్వాసము. దారి తెలిసిన స్థానికుని ఒకనిని వెంటబెట్టుకొనుట ఖర్చు కాదు, భద్రత.

వరాహనృసింహుని సన్నిధిని దాటిన పిమ్మట లోయ ఇరుకై, దారికిని వాగునకును భేదము తగ్గిపోవును. కొన్నిచోట్ల మెట్లు, కొన్నిచోట్ల వంతెనలు ఉన్నను, పెక్కుచోట్ల వాగు దొర్లించి తెచ్చిన గుండ్లమీదనే అడుగులు వేయవలసి యుండును. ఒడ్డువెంట తెల్లమద్దులును నేరేళ్ళును పచ్చగా నిలువగా, నాలుగడుగులు పైకి పోయినంతనే వెదురుపొదలును, చిరుమానును, వేసవికి ఆకురాల్చు మెట్టచెట్లును కానవచ్చును. తడి ఎంతవరకు వ్యాపించెనో ఈ చెట్లవరుసనుబట్టియే గుర్తింపవచ్చును. ఇది పులులు సంచరించు నల్లమల. అంతకుమించి ఇది చెంచుల నల్లమల. తమ ఆడపడుచు చెంచులక్ష్మిని వరించిన నృసింహుడు వారికి దైవమగుటకు ముందే అల్లుడు. సంక్రాంతివేళ మొదలగు పార్వేట ఉత్సవమున స్వామి పల్లెపల్లెకును వచ్చుట ఆ చుట్టరికమునకు ఏటేట జరుగు మర్యాద. నిట్రమైన కొండచరియలకు వ్రేలాడు తేనెపట్టులకై చెంచువాడు త్రాడుపై దిగునప్పుడు, పైన ఆ త్రాటిని బావమరిదియే పట్టుకొనవలయునని వారి ఆచారమందురు. బంధుత్వమును ప్రాణమునకు పూచీగా పెట్టుకొన్న ఈ ఏర్పాటును తలచినప్పుడు, దైవమును గూడ వారు బంధువర్గములో చేర్చుకొనుట సహజముగానే తోచును.

కడపటి మెట్లు ఎక్కి మలుపు తిరిగినంతనే కొండచరియ ముందునకు వాలి, దాని అంచునుండి నీరు దారిమీదనే పడుచుండును. జ్వాలానృసింహుని సన్నిధి చేరుటకు ఈ ధారల ప్రక్కగా, ఒక్కొక్కప్పుడు వీని క్రిందుగానే పోవలయును. ఇచటి ధార చిక్కనిది కాదు. ఎత్తునుండి పడుటచే తెర చీలి, తుంపురులై, గాలి ఎటు వీచిన అటు ఒరగును. హిరణ్యకశిపుని ఒడిలో చీల్చుచున్న అష్టభుజమూర్తి గుహలో. ఆ ఉగ్రకార్యము ముగిసిన పిమ్మట స్వామి చేతులు కడిగికొనెనను రక్తకుండము ఆ దాపుననే. క్రోధము రగిలిన తావునకే పురాణము చన్నీటిని సమకూర్చినదని చూపరికి అనిపించును.

పగలంతటికిని అసలైన నిర్ణయమును ఇచ్చటనే చేయవలయును. ఇంకను పైన ఉగ్రస్తంభమను శిఖర మున్నది. దాని ఎక్కుడు మిక్కిలి నిటారు. పండ్రెండు గంటలలోపల, కాళ్ళు వణకని స్థితిలో ఇచటికి చేరినవారే దానిని తలపెట్టవలయును. తక్కినవారు భోజనము ముగించి, మాలోల నృసింహునిమీదుగా, రాతిపై ప్రహ్లాదుని వ్రాతలని చూపు ప్రహ్లాదబడి చూచుకొని, పొద్దు వాలకముందే ఎగువ అహోబిలము చేరవచ్చును. దిగునప్పుడు ఆయాసము తక్కువ, జారుపాటు ఎక్కువ. సగము సత్తువను తిరుగుదారికి మిగిల్చుకొన్న నడకయే మితశ్రమ యనిపించుకొనును.

మరలునప్పుడు వాగు మనవెంట దిగును గాని, మనతో ఆగదు. నల్లమల పడమటి వాలున పడిన నీరు కుందేటి లోయకు దిగును. కుందేరు పెన్నలో కలియును. పెన్న సముద్రమును చేరును. జలపాతముకడ విడిచిన సబ్బునురుగును, ప్లాస్టిక్ సీసాయు అదే దారిని పట్టి, మనము చూడని ఊళ్ళ చేలకును రేవులకును పోవును. ఎగువకు నడచినవాడు ఎంత సామాన్యుడైనను, ఆ ఒక్క పగటికి దిగువవారందరి నీటికిని పైనున్నవాడే. కావున తీసికొనిపోవలసిన వస్తువుల జాబితాను వ్రాసికొనునప్పుడే, వానిలో తిరిగి తేవలసినవి ఏవో కూడ దాని ప్రక్కనే వ్రాసికొనవలయును.