ఆకాశమార్గము, నేలమార్గము

కరీంనగర్ విమానాశ్రయము నుండి ఆదిలాబాదు విమానాశ్రయమునకు ఎంత దూరము, ఎన్ని గంటల ప్రయాణము అని మన యౌవనస్థులలో ఒకరు మమ్మును అడిగారు. చిన్న ప్రశ్నే. కాని ప్రియ పాఠకులారా, ఈ రెండు పట్టణములలోను ప్రయాణికులు విమానమెక్కే చోటు నేటికిని లేదు.

పాత రన్‌వేలు మాత్రము ఉన్నవి. కరీంనగర్ వారికి దగ్గరిది రామగుండము ప్రక్కన బసంత్‌నగర్‌లో ఉన్నది. 1980లలో వాయుదూత్ వారి చిన్న విమానములు అక్కడ దిగేవి. 2016లో జిల్లాలు విడిపోయాక అది పెద్దపల్లి జిల్లాకు చెందినది. ఆదిలాబాదులోనిది నిజాము కాలపు మైదానము. అక్కడ పౌర విమానాశ్రయమునకు 2025లో వాయుసేన సమ్మతించినది. ఈ రెంటి మధ్య సూటిగా కొలిస్తే సుమారు 140 కిలోమీటర్లు. విమానమే ఉంటే అరగంట మాట.

నేల మీద సంగతి వేరు. జగిత్యాల, ధర్మపురి దాటి, రాయపట్నం వద్ద గోదావరి వంతెన ఎక్కి, లక్సెట్టిపేట, జన్నారం, ఉట్నూరు మీదుగా వెళ్తే రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. జన్నారం నుండి కవ్వాల్ అడవి. సగటున ఐదు గంటలు, బస్సులు మారితే ఇంకా ఎక్కువ. రైలున్నది గాని అది మహారాష్ట్రలోని ముద్ఖేడ్ దాకా పోయి తిరిగి రావాలి. తొందర పని ఉన్నవారు దాని జోలికి పోరు.

మన బైబిలులో దూరమును తరచుగా కాలముతోనే చెప్పారు. మరియ యోసేపులు బాలుడైన యేసు వెంట ఉన్నాడనుకొని నడిచినది ఒక దినపు ప్రయాణము. కిలోమీటర్లు అక్కడ ఎవరికి కావాలి? బిడ్డ కనబడలేదని తెలిసిన తల్లికి ఆ తిరుగు ప్రయాణమే దూరము.

మా ప్రాంతములో ఈ లెక్క గల్ఫ్ కుటుంబములకు బాగా తెలుసు. పూర్వము మన పిల్లలు జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి నుండి బస్సెక్కి బొంబాయి వెళ్లి విమానమెక్కేవారు. 2008లో శంషాబాదు విమానాశ్రయము తెరచిన తరువాత ఆ బాధ చాలావరకు తగ్గినది. దుబాయి నుండి శంషాబాదుకు సుమారు 2,500 కిలోమీటర్లు, విమానములో నాలుగు గంటల లోపే. అంటే కరీంనగర్ నుండి ఆదిలాబాదు బస్సులో పోయేంత సేపు కూడా పట్టదు!

పని మీద వచ్చిపోయేవారికి ఇది వింత మాత్రమే. అక్కడ చనిపోయినవారి పెట్టె వచ్చే దినమున వింతగా ఉండదు. సముద్రము దాటి వచ్చినది శంషాబాదులో కాగితములు పూర్తయ్యేదాకా ఆగుతుంది. ఆ తర్వాత ఆదిలాబాదు ప్రక్క పల్లెకు మూడు వందల కిలోమీటర్లకు పైన అంబులెన్సు ప్రయాణము. విమానాశ్రయము కావాలని కోరేవారు వ్యాపారము గురించి, భూముల ధరల గురించి మాట్లాడతారు. మాకు మాత్రము ఈ ఆరేడు గంటలే మొదట గుర్తుకొస్తాయి.

ఆ రాత్రి ఇంటి ముందర ఎవరూ కిలోమీటర్లు అడగరు. “యాడిదాక వచ్చిండ్రు?” అని ఫోను చేస్తారు. కామారెడ్డి దాటినమంటే ఆడవారిని కూర్చోబెట్టి కొంచెము చాయ్ తాగిస్తారు. ఆర్మూరు అంటే సంఘపెద్దలు కీర్తనల పుస్తకములు బయటికి తీస్తారు. నిర్మల్ దాటినమన్న కబురు వచ్చిన తరువాతనే పడుచువాళ్లు గడ్డపారలు పట్టుకొని సమాధుల తోటకు బయలుదేరుతారు.