ఖాళీ కాని సీసా



మీరు మండువేసవిలో మెట్ట పొలముల మీదుగా దూరప్రయాణము చేసియున్నయెడల, గుక్కెడు నీటి విలువ మీకు నేను చెప్పనక్కరలేదు. గత వేసవిలో నేను చేసిన సైకిలు ప్రయాణమును గూర్చి మీతో చెప్పవలెనని చాలకాలముగా తలంచుచున్నాను. అందులో నాకు గొప్ప కలిగించు సంగతి ఏదియు లేదు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులునని మన పెద్దలందురు. అట్టి దినమున తెల్లవారుజామున 4 గంటలకు విజయవాడ నుండి బయలుదేరితిని. జగ్గయ్యపేట సుమారు 80 కిలోమీటర్లు. అక్కడనుండి ముక్త్యాల వైపు పోయి, కృష్ణ సమీపమున ఆరుబయట పండుకొనవలెనని నా కోరిక. సైకిలు వెనుక దుప్పటి, దోమతెర, పంచరు సామాను, రెండు పెద్ద సీసాల నీళ్లు కట్టుకొంటిని.

ఈ దారి కోరుకొనుటకు కారణము కలదు. 1859లో నందిగామ ప్రాంతపు రాఘవాపురము నుండి పగోలు వెంకయ్యగారు జీవముగల దేవుని వెదకుచు బెజవాడ వచ్చి, మిషనరీ డార్లింగు దొరగారిని కలిసికొనిరి. ఆయన వచ్చిన దిక్కునకు నేను ఎదురుగా పోవుచుంటిని. ఆ కాలమున మన మాల మాదిగ జనులు ఊరి బావిలో చేద వేయరాదు. ఎవరైన దయతలచి పైనుండి పోసినప్పుడు దోసిలి పట్టి త్రాగవలసినదే. మా తాతలును అట్లు త్రాగినవారే.

కీసర వంతెన దాటునప్పటికి ఎండ ముదిరెను. క్రింద మున్నేరు ఇసుకమేటలుగా పడియుండెను. 2024 సెప్టెంబరు మొదట ఇదే యేరు పొంగి, ఐతవరము వద్ద జాతీయ రహదారి మీదికి వచ్చి రాకపోకలను ఆపివేసినది. ఇప్పుడు పాయలో మేకలు మునుగునన్ని నీళ్లయినను లేవు.

నందిగామలో ఇడ్లీ తిని, సీసాలు నింపుకొని పడమటికి సాగితిని. నల్లరేగడి నేలలు నెఱ్ఱెలు విచ్చియుండెను. సిమెంటు లారీలు ప్రక్కగా పోవునప్పుడెల్ల వడగాలి మొగమున కొట్టెను. మధ్యాహ్నవేళ నవాబుపేట దాపున ఒక వేపచెట్టు క్రింద ఆగితిని. అక్కడ పండ్రెండేండ్ల మేకల కాపరి బాలుడొకడు నిలిచియుండెను.

“సారూ, కాసిని నీళ్లు పోస్తారా?” అని దోసిలి పట్టెను.

ఒక సీసా ఖాళీ అయినది. రెండవదానిలో సగము మిగిలియున్నది. ముందున్న దారి తలచుకొని, “అయిపోయినయ్యి నాయనా” అంటిని. బాలుడు మారు మాటాడలేదు. దోసిలి విడిచి, చేతులు చొక్కాకు తుడుచుకొనెను. తుడుచుకొనుటకు ఆ చేతులలో తడియే లేదు.

చదువరీ, మైలు దూరము పోకమునుపే వెనుక చక్రములో తుమ్మముల్లు దిగెను. ట్యూబు తీసి గాలి కొట్టితిని గాని చిల్లి కనబడలేదు. నీటిలో ముంచినగాని బుడగలు రావు. అన్నపు డబ్బా మూతలో ఆ సీసాలోని నీళ్లే పోసితిని. బిడ్డకు లేవన్న నీళ్లు రబ్బరు గొట్టమునకు దొరికినవి! పని తీరిన తరువాత ఆ నీళ్లు నేలను పోయగా, ఆ నెఱ్ఱె వాటిని చప్పున మ్రింగెను. చూచినవారు ఎవరును లేరు. అయినను నా చేతులు వణకెను.

బెయేర్షెబా అరణ్యములో హాగరు తన బిడ్డను పొద క్రింద పడవేసి దూరముగా కూర్చుండి యేడ్చిన సంగతి మీరెరుగుదురు. ఆమె తిత్తి నిజముగానే ఖాళీ అయినది. నాది కాలేదు.

చిల్లకల్లు దాటి, జగ్గయ్యపేట మీదుగా పోయి, ప్రొద్దు గ్రుంకువేళకు ముక్త్యాల దారిలో ఒక చిన్న పల్లె చేరితిని. ప్రార్థన మందిరపు ఆవరణలో పండుకొనుటకు సంఘపెద్దను సెలవడిగితిని. ఆయన భార్య నా పేరైనను అడుగకయే చెంబుతో నీళ్లు తెచ్చెను. “ముందు తాగండి బాబూ. ఎక్కణ్ణించి తొక్కుకుంటా వచ్చారో!” అనెను. త్రాగితిని గాని ఆ నీళ్లు గొంతులో నిలిచినట్లుండెను. ఆ రాత్రి ఆకాశము నిండ చుక్కలున్నవి. నాకు నిద్ర రాలేదు.

తెల్లవారగనే కృష్ణకు పోక, వచ్చిన దారినే వెనుకకు తిరిగితిని. సీసాలు రెండును నిండుగా నున్నవి. వేపచెట్టు క్రింద మేకల పెంటికలున్నవి గాని బాలుడు లేడు. ఎండ నెత్తికి వచ్చువరకు కనిపెట్టితిని. అతడు రాలేదు. ఆ దినమునకు క్షమాపణ చెప్పుకొనుటకు నాకు దేవుడే గాని ఆ బిడ్డ దొరకలేదు.

ఇప్పుడు నేను దూరము పోవునప్పుడు మూడు సీసాలు కట్టుకొందును. మూడవది నాది కాదు. అది దారిలో ఎదురుపడువారిది. చదువరీ, మీ ఇంటను ఏదో ఒకటి సగము మిగిలియుండును: గింజలు గాని, పాత బట్టలు గాని, ఒక మంచి మాట గాని. వాకిట నిలిచినవారితో “అయిపోయినది” అనకమునుపు, ఒక్కసారి సీసా ఎత్తి చూడుడి.