తొమ్మిది లీటర్ల ఏరు

మాచర్ల పక్కనుంచి పారే చంద్రవంక ఎత్తిపోతల దగ్గర 70 అడుగుల కిందికి దూకి, కాస్త దూరం పోయి కృష్ణలో కలుస్తుంది. కారంపూడి మీదుగా పోయే నాగులేరు కూడా చివరికి కృష్ణ ఒడికే చేరుతుంది. పల్లం ఎటుంటే అటు పోవడం ఏటి లక్షణం. పల్నాడులో ప్రతి మనిషి ఒంట్లోనూ పారే ఇంకో ఏరు ఉంది. దానికి పల్లంతో పనిలేదు. మనిషి పడుకున్నా, తలకిందులుగా వేలాడినా తన దారిన తాను పోతుంది. పెదవుల దగ్గర మొదలై ఎనిమిది తొమ్మిది మీటర్లు సాగుతుంది. రోజుకి అందులో పారే నీళ్లు సుమారు తొమ్మిది లీటర్లు. మనం తాగిందీ తిన్నదాంట్లో ఉన్నదీ కలిపితే రెండు లీటర్లకి మించదు. మిగతా ఏడు లీటర్లూ ఒంట్లోని రక్తం నుంచి ఊరి కలిసినవే. ఆ ఏడు లీటర్లని మళ్లీ చుక్క చుక్కా వెనక్కి తీసుకోగలిగితేనే మనిషి బతుకుతాడు. అరుగుదల గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి దాదాపు ఎవరూ చెప్పుకోరు.

ఊట నోట్లో మొదలు. కారంపూడిలో పల్నాటి వీరారాధన ఉత్సవాల మూడో రోజు మందపోరు. బ్రహ్మనాయుడి చాపకూడుని తలుచుకుంటూ ఆ రోజు కులం అడక్కుండా అందరూ ఒకే బంతిన కూర్చుంటారు. వండిన అన్నం వాసన వస్తే చాలు, విస్తట్లో మెతుకు పడకముందే నోరూరుతుంది. అప్పుడే కడుపులోనూ రసం ఊరడం మొదలవుతుందని రష్యాలో ఇవాన్ పావ్లోవ్ కుక్కల మీద చూపించాడు. మింగిన తిండి కడుపులోకి పోకుండా మెడ దగ్గరే బయటపడేలా చేసినా జఠరరసం కారింది. మెదడు నుంచి వేగస్ నాడి వెంట కబురు ముందే వెళ్లిపోతోందన్నమాట. అరుగుదల మీద చేసిన ఆ పనికే ఆయనకి 1904లో నోబెల్ ఇచ్చారు.

మూడు జతల పెద్ద గ్రంథుల నుంచి రోజుకి లీటరు, లీటరున్నర లాలాజలం వస్తుంది. గోంగూర పులుపు తగిలితే ఇంకాస్త ఎక్కువ. జొన్నముద్దని నిదానంగా నమిలితే చివర్లో తియ్యదనం తేలుతుంది. లాలాజలంలోని ఎంజైమ్ పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టడం అక్కడే మొదలుపెట్టింది. ఇక మిరపకాయ. దాంట్లోని క్యాప్సైసిన్ నాలుక మీది నాడుల్లో ఒక గ్రాహకాన్ని తడుతుంది. వేడి వస్తువు తగిలితే మేలుకునే గ్రాహకమే అది. అందుకే నోరు కాలినట్టు అనిపిస్తుంది, దాన్ని కడగడానికి నీరు పొంగుతుంది. 1997లో ఆ గ్రాహకాన్ని గుర్తించిన డేవిడ్ జూలియస్ 2021 నోబెల్‌లో భాగం పంచుకున్నాడు. కల్లాల్లో కాయలు ఏరే ఆడవాళ్లకి రాత్రంతా చేతులు మండేది కూడా ఈ గ్రాహకం వల్లే. ఏరు చివర మలద్వారం దగ్గరా అది ఉంది కాబట్టి, కారం ఎక్కువ తిన్న మర్నాటి మంటకి వేరే కారణం వెతకక్కర్లేదు.

మింగడం ఒక్క క్షణం పని. ఆ క్షణంలో ఊపిరి ఆగుతుంది, గాలిగొట్టం మూత పడుతుంది. మూత తడబడితే పొలమారుతుంది. ఎవరో తలుచుకుంటున్నారంటూ నడినెత్తి మీద తట్టి నీళ్లందిస్తారు. అక్కడినుంచి అన్నవాహిక 25 సెంటీమీటర్లు. ముద్దకి వెనక కండరం బిగుస్తుంది, ముందు కండరం వదులవుతుంది. ఆ అల ముద్దని పది సెకన్ల లోపే కడుపులోకి చేరుస్తుంది.

నాగార్జునసాగర్ కుడికాలువ మీద బుగ్గవాగు రిజర్వాయర్ చూసినవాళ్లకి కడుపు పని చెప్పడం తేలిక. పైనుంచి వచ్చినదాన్ని నిలవేసుకుని, కిందికి ఎంత కావాలో అంతే వదలడం. ఖాళీ కడుపులో పట్టేది ఒక చిన్న కాఫీ కప్పుడు. తినేకొద్దీ పైభాగం దానంతటదే వదులై, లీటరు దాకా చోటిస్తుంది. కింది సగంలో నిమిషానికి మూడు అలలు బయల్దేరతాయి. ప్రతి అలా తిండిని చివరి ద్వారం వైపు నెడుతుంది. ఒకటి రెండు మిల్లీమీటర్లకన్నా సన్నగా నలిగినదే ఆ సందులోంచి దాటుతుంది. మిగిలింది వెనక్కి చిమ్మి మళ్లీ నలుగుతుంది. మజ్జిగ త్వరగా దాటిపోతుంది. నూనె, నెయ్యి బాగా పడిన భోజనమైతే నాలుగు గంటలైనా కడుపులోనే కూర్చుంటుంది.

ఇక్కడ ఊరే రసం రోజుకి రెండు లీటర్ల దాకా. అందులో ఉన్నది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. 1822లో అమెరికాలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కుర్రాడికి తుపాకి పేలి కడుపుకి చిల్లు పడింది, అది పూర్తిగా మూసుకోలేదు. వైద్యుడు విలియం బోమాంట్ దారానికి మాంసం ముక్కలు కట్టి ఆ చిల్లులోంచి వదిలి, ఎంతసేపటికి కరిగాయో చూసి, 1833లో పుస్తకం వేశాడు. మాంసాన్ని కరిగించే రసం కడుపు గోడనెందుకు కరిగించదు? గోడ మీద జిగురు పొర ఉంది, దాంట్లో ఆమ్లాన్ని విరిచే బైకార్బొనేట్ ఉంది, పైకణాలు కొద్ది రోజులకోసారి కొత్తగా పుడుతుంటాయి.

ఈ విషయం దగ్గర కాస్త ఆగాలి. మా ప్రాంతంలో కడుపులో పుండు పడితే నింద పచ్చడి మీద వేస్తారు. పుళ్లలో ఎక్కువ భాగానికి కారణాలు రెండు: హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి, నొప్పి మాత్రలు. మొదటిదాన్ని కనిపెట్టిన బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకి 2005లో నోబెల్ వచ్చింది. రెండోది మందుల షాపులో చీటీ లేకుండానే దొరుకుతుంది. పొద్దుటినుంచి వంగి మిర్చి కోసి, ఒళ్లునొప్పులకి ఖాళీ కడుపున రోజూ ఓ మాత్ర వేసుకునే కూలీకి జిగురు పొర లోపలినుంచే పలచబడుతుంది. ఆ మాత్ర జిగురు ఊరడాన్నే తగ్గిస్తుంది మరి. అప్పటికే పడిన పుండు మీద కారం మంట పుట్టించవచ్చు, కానీ పుండు పెట్టింది మాత్ర. కారం మానేసి మాత్ర మానని వాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది.

కడుపు దాటగానే ఆంత్రమూలం. ఆమ్లం తగిలితే పేగు ఓర్చుకోలేదు, వెంటనే క్లోమానికి కబురు పంపుతుంది. ఆ కబురు నాడుల వెంట పోతుందనే అందరూ అనుకున్నారు. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ ఒక కుక్క పేగుకి వచ్చే నాడులన్నీ తెంచి, ఆ పేగులో ఆమ్లం పోశారు. క్లోమరసం మామూలుగానే కారింది. కబురు రక్తంలో వెళ్తోంది! దాన్ని మోసుకుపోయే పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. హార్మోన్ అనే ఆలోచనకి అదే తొలి అడుగు. ఆ పిలుపుతో క్లోమం నుంచి లీటరుకి పైగా క్షారరసం దిగుతుంది. కొవ్వు కనబడితే పిత్తాశయం ముడుచుకుని పైత్యరసాన్ని వదులుతుంది.

అక్కడినుంచి ఆరు మీటర్ల చిన్నపేగు. మొదట్లో నిమిషానికి పన్నెండుసార్లు, చివరికి వచ్చేసరికి ఎనిమిదిసార్లు కదులుతుంది. ఈ కదలికల్లో చాలావాటికి తిండిని ముందుకి తోసే తొందర లేదు. అక్కడక్కడే బిగిసి వదులుతూ, రసాల్లో కలిపి, గోడకి తాకిస్తూ ఉంటాయి. గోడ నిండా చూషకాలు, వాటి మీద ఇంకా సన్నని నూగు. మడతలన్నీ విప్పి పరిస్తే సుమారు 30 చదరపు మీటర్లు. చూషకాల మధ్య గుంటల్లోంచి క్లోరైడ్ బయటికి వస్తుంది, దాని వెంట నీరు వస్తుంది. చూషకాల కొనల దగ్గర సోడియం, గ్లూకోజ్ జంటగా లోపలికి పోతాయి, వాటి వెంట నీరు పోతుంది. రాకా పోకా పక్కపక్కనే, రాత్రీ పగలూ.

కలరా ఈ రెంటిలో ఒకదాన్నే పట్టుకుంటుంది. దాని విషాన్ని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే కుందేలు పేగుల్లో చూపించాడు. ఆ విషం గుంటల్లో క్లోరైడ్ తూముని తెరిచి వదిలేస్తుంది. గంటల్లో లీటర్లకి లీటర్లు పోతాయి. సోడియం, గ్లూకోజ్ దారి మాత్రం చెడదు. ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లు ప్రాణం నిలబెట్టేది అందుకే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు నిండిన బనగావ్ శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతుంటే దిలీప్ మహలనబిస్ ఆ నీళ్లని డ్రమ్ముల్లో కలిపించి తాగించాడు. నూటికి 30 దాకా ఉన్న చావులు నాలుగు లోపుకి దిగాయి.

ఎండలకి పేరుపడ్డ రెంటచింతల వైపు ఒక ఇంట్లో రెండేళ్ల పిల్లాడికి విరేచనాలు. కళ్లు గుంటలు పడ్డాయి. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే ముడత అలాగే నిలిచి మెల్లగా దిగుతోంది. నాయనమ్మ గ్లాసు దూరంగా జరిపి, "నీళ్లు పోస్తే ఇంకా ఎక్కువవుతాయమ్మా, కడుపు ఆరనీ" అంది. ఆశా కార్యకర్త కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఉప్పూ గ్లూకోజూ ఉన్న పొట్లం మొత్తం వేసి కలుపుతూ, "ఆరిపోతోంది పిల్లోడు పెద్దమ్మా. చెంచాతో పోద్దాం. కక్కితే పది నిమిషాలాగి మళ్లీ పోద్దాం" అంది. విరేచనాలు వెంటనే కట్టవు, ఆ మాట ఇంట్లోవాళ్లకి ముందే చెప్పాలి. ఆ నీళ్లు పోయినదాన్ని పూడుస్తాయి, పేగు కోలుకునేదాకా మనిషిని నిలబెడతాయి. పొట్లం లేని ఇంట్లో ఉప్పేసిన పలచటి గంజి కూడా పనికొస్తుంది, గంజిలోని పిండి అరిగి గ్లూకోజే అవుతుంది.

తిన్నదంతా వెళ్లిపోయాక పేగు ఊరుకోదు. గంటన్నర, రెండు గంటలకోసారి కడుపు దగ్గర ఒక బలమైన అల లేచి చిన్నపేగు చివరిదాకా ఊడ్చుకుంటూ పోతుంది. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయని మనం అనేది చాలాసార్లు ఆ చప్పుడు విని. రోజంతా ఏదో ఒకటి నములుతూ ఉండేవాళ్లకి ఆ ఊడ్పు పూర్తికాదు.

పెద్దపేగుకి చేరేసరికి ఏడెనిమిది లీటర్లు వెనక్కి వెళ్లిపోయాయి. మిగిలిన లీటరు, లీటరున్నరలో గ్లాసెడు తప్ప తక్కినదంతా ఇక్కడ ఇంకిపోతుంది. నడక బాగా మందగిస్తుంది, ఒకటి రెండు రోజులు పడుతుంది. రోజుకి కొద్దిసార్లు మాత్రం ఒక పెద్ద తోపు వస్తుంది. కడుపులో కొత్తగా తిండి పడితే అది లేస్తుంది కాబట్టి పొద్దున్నే కాఫీ తాగగానే చాలామంది దొడ్డికి లేస్తారు.

ఎక్కువసేపు నిలిస్తే మలం ఎండి గట్టిపడుతుంది. నీటిని పట్టి ఉంచేది పీచు. ఒకప్పుడు ఇక్కడ అది జొన్నలోంచి వచ్చేది. పల్నాడులో ఎటుచూసినా జొన్నకూడేనని శ్రీనాథుడు చాటువుల్లో విసుక్కున్నాడని చెబుతారు. 1955లో సాగర్‌కి శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకి నీళ్లు వదిలాక కంచాల్లోకి తెల్లన్నం వచ్చింది. ఆకలి తీరింది, అది చిన్న మేలు కాదు. దాంతోపాటు పొట్టు తీసి పాలిష్ పట్టిన బియ్యంలో పీచు పోయింది. మనకి అరగని జొన్నపీచుని పెద్దపేగులో బాక్టీరియా పులియబెట్టి బ్యూటిరేట్ అనే ఆమ్లాన్ని తయారుచేస్తాయి. పెద్దపేగు గోడ కణాలకి ముఖ్యమైన తిండి అదే. షుగరు వచ్చాక డాక్టరు చెబితే జొన్నరొట్టెకి మళ్లిన ఇళ్లు నరసరావుపేటలో ఇప్పుడు ఉన్నాయి. షుగరు వచ్చేదాకా ఆగకుండా రాత్రి పూటైనా ఆ రొట్టె పళ్లెంలోకి తెచ్చుకుంటే పిల్లల పెద్దపేగుకి కూడా ఆ తిండి అందుతుంది.