రెసిడెన్సీ నీడలో మన అమ్మాయిలు

కోఠీ అనగానే మనకేం గుర్తొస్తుంది? సుల్తాన్ బజార్‌లో బేరమాడి కొన్న జాకెట్టు ముక్కలు, లేసులు, స్టీలు సామాను, రెండు చేతుల్లో సంచులతో బస్సు కోసం పడిగాపులు. అంతే కదూ! ఆ పక్కనే ఉన్న ప్రహరీ గోడ అవతల ఏముందో ఎంతమందిమి తొంగి చూశాం? మన పిల్ల అక్కడ చదువుతుంటే తప్ప లోపల మనకేం పని! మా ఆడపడుచు కూతురి పుణ్యమా అని నాకు ఈమధ్య ఒక పగలంతా అక్కడ గడిపే వీలు చిక్కింది. చూసినదంతా మీకు చెప్పకపోతే నాకు తోచదు.

గేటు దాటి నాలుగడుగులు వేస్తే బజారు రొద వెనకబడిపోతుంది. చెట్ల నడుమ ఆరు పెద్ద స్తంభాలతో పాత రెసిడెన్సీ భవనం, మెట్లకి అటూ ఇటూ రెండు రాతి సింహాలు. 1798లో నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు అయిన జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ దొర హయాంలో కట్టిందిది. ఆయన ప్రేమించి పెళ్ళాడింది హైదరాబాదు పెద్దింటి పిల్ల ఖైరున్నీసాని. ఆవిడ కోసం ఇదే ఆవరణలో రంగ్ మహల్ అనే జనానా కట్టించాడు. ఘోషా వల్ల ఆవిడ పెద్ద భవనాన్ని ముందు నుంచి చూడలేకపోయిందనీ, అందుకే అచ్చు అలాంటిదే చిన్న నమూనా చేయించి ఆవిడ తోటలో పెట్టించాడనీ చెప్పుకుంటారు. నమూనా ఇప్పటికీ ఉంది. భర్త ఉండే మేడని బొమ్మలో చూసుకున్న ఇల్లాలు! కథే కావచ్చుగానీ, అది విన్నాక నాకు చాలాసేపు మరో ఆలోచన రాలేదు.

1924లో మొదలైన ఆడపిల్లల కాలేజీ 1949లో ఈ ఆవరణలోకి వచ్చింది. ఉస్మానియా వారి కోఠీ ఉమెన్స్ కాలేజీ అని మనమంతా ఎరిగినదే. 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. భూమి కోసం దొరల మీద నిలబడి పోరాడిన ఆ పాలకుర్తి తల్లి పేరు దొరగారి బంగళా ఉన్న చోట వెలిసిందంటే ముచ్చటగా లేదూ? పాత భవనానికి మరమ్మతులు చేసి వన్నె తెచ్చారు. చదువులు మాత్రం పక్కనున్న వేరే భవనాల్లో సాగుతాయి. రోజూ వందలమంది పిల్లలు ఆ సింహాల వైపు తలైనా తిప్పకుండా క్లాసుకి పరుగెడుతుంటారు. తొమ్మిదిన్నర గంట ముందు ఏ సింహమైనా ఎంత!

ఆ పరుగు ఎక్కడ మొదలవుతుందో తెలుసా? మా పిల్ల స్నేహితురాలిది ఇబ్రహీంపట్నం దాటి లోపలున్న ఊరు. అయిదింటికి లేచి, వాకిలూడ్చి ముగ్గేసి, తమ్ముడికి బాక్సు కట్టి, ఏడింటికి బస్సెక్కుతుంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు డబ్బు లేదు కదా. ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్టు ఇస్తారు. "అంతకుముందు ఇంటి దగ్గర్లో ఉన్న కాలేజీలోనే చేరమన్నారు ఆంటీ. చార్జీలు పోయాయి కాబట్టి ఇక్కడ దాకా రానిచ్చారు" అంది. బస్సులో నిలబడే చోటు దొరికినా గొప్పేనట. ఆ నిలబడే గంటన్నరలోనే నోట్సు తిరగేస్తుంది. మెట్రో ఎక్కగలిగిన వాళ్ళు ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగి నడిచొస్తారు. దానికి డబ్బు కావాలి మరి.

ఇక మధ్యాహ్నం బాక్సుల సంగతి. ఇది మన శాఖ కాబట్టి కాస్త నిదానంగా చెప్పనివ్వండి. చెట్టు కింద ఎనిమిదిమంది గుండ్రంగా కూర్చున్నారు. ఎవరి బాక్సు వాళ్ళు తినడం అక్కడ నేరం! మూతలన్నీ ఒకేసారి తెరిచారు. పులిహోర, టమాటా పప్పు, జొన్నరొట్టె మీద ఎర్రకారం, బగారన్నం, ఒకమ్మాయి తెచ్చిన ఖుబానీలు. ఎవరి కూర ఎవరి నోట్లోకి వెళ్ళిందో కనిపెట్టడం బ్రహ్మతరం కూడా కాదు. మీరు పొద్దున్నే చేసి పంపిన బెండకాయ వేపుడు మీ అమ్మాయికి రెండు ముక్కలే దక్కి ఉంటాయి, బెంగపడకండి. బదులుగా మరో తల్లి చేతి వంట తింది. కాకపోతే రెండు జాగ్రత్తలు. పప్పు కాస్త గట్టిగా చేయండి, పల్చనిది బస్సులో ఒలికి రికార్డు పుస్తకం మీదికి పాకుతుంది. పెరుగన్నం బదులు గోరువెచ్చని పాలతో అన్నం కలిపి చెంచాడు తోడు వెయ్యండి, ఒంటిగంటకి కమ్మగా తోడుకుని ఉంటుంది, పులవదు.

క్లాసులయ్యాక పుస్తకాల వేట. కోఠీలో పాత పుస్తకాల దుకాణాలు మీకు తెలియనివి కావు. పై క్లాసు పిల్లలు అమ్మినవి కింది క్లాసువాళ్ళు కొంటారు, సెమిస్టర్ అయ్యాక మళ్ళీ అక్కడికే తెస్తారు. మా పిల్ల బోటనీ పుస్తకం బేరమాడుతుంటే నేను నోరు తెరిచాను. చీరల కొట్లో మనమెంత! "పేజీలు చూడు అన్నా, చిరిగినయ్, సగానికియ్యి" అంటూ వెళ్ళిపోతున్నట్టు నాలుగడుగులు వేసింది. అతను పిలిచాడు. కొన్న పుస్తకంలో ఎవరో అమ్మాయి పెన్సిల్‌తో ముఖ్యమైన ప్రశ్నలన్నీ గీతలు గీసిపెట్టింది. అది ఉచితం!

ఇంతా చూశాక నాకు పట్టుకున్న విషయం ఒకటుంది. ఈ పిల్లలకి హాజరు 75 శాతం ఉండాలి. స్కాలర్‌షిప్పుకీ, ఫీజు రీయింబర్స్‌మెంటుకీ అదే లెక్క. సెమిస్టర్‌లో 90 రోజులు క్లాసులు జరిగాయనుకోండి, 22 రోజులకి మించి మానడానికి లేదు. ఇప్పుడు మీరే లెక్కెయ్యండి. పిన్నికూతురి పెళ్ళికి నాలుగు రోజులు, బావగారింట సీమంతం, ఊళ్ళో బోనాలు, నానమ్మకి జ్వరం, ఇంటికి చుట్టాలొచ్చారు కాబట్టి ఇవాళ ఉండిపో అన్న రోజులు, తనకే ఒంట్లో బాగుండని రోజులు. 22 ఎక్కడ చాలతాయి? అదే ఇంట్లో అబ్బాయిని 'చుట్టాలొచ్చారు, కాలేజీ మానెయ్' అంటామా? ఇబ్రహీంపట్నం పిల్లకి అప్పటికే పద్దెనిమిది రోజులు పోయాయి. వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది, అందులో తన కోసం మానినవి మూడే. "వచ్చేవారం మా మేనత్త ఇంట్లో గృహప్రవేశం ఆంటీ, మూడు రోజులుండాలంటోంది అమ్మ" అంది. మరి ఏం చేస్తావంటే, "పొద్దున కాలేజీకొచ్చి సాయంత్రం అటే పోతా అని అడిగిన. ఇంకా ఏమనలేదు" అంది.

అయిదయ్యేసరికి కోఠీ బస్టాపులో ఇసకేస్తే రాలని జనం. మా పిల్లా, నేనూ ఇవతలే ఆగిపోయాం. ఆ అమ్మాయి బ్యాగు ముందుకి వేసుకుని, రికార్డు పుస్తకాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి గుండెలకి ఆనించుకుని మూడో బస్సుకి ఎక్కగలిగింది. ఇల్లు చేరేసరికి ఏడు. తర్వాత అన్నం వండాలి, ఆపైన మర్నాటికి రెండు బొమ్మలు గీయాలిట, వేరు అడ్డుకోత ఒకటి, కాండం అడ్డుకోత ఒకటి.