గాయం చెప్పే సాక్ష్యం

గాయం మానడం ప్రకృతి ధర్మం. శరీరం తనకు జరిగిన అపకారాన్ని కొంతకాలం ప్రకటించి, పిమ్మట మెల్లగా చెరిపివేస్తుంది. కమిలిన చోటు మొదట ఎఱ్ఱగా కనిపించి, ఒకటి రెండు దినాలలో నీలమై, ఐదారు దినాలకు ఆకుపచ్చని ఛాయకు తిరిగి, ఆపైన పసుపువన్నెకు మారి, ఇంచుమించు రెండు వారాలలో చర్మంలో కలిసిపోతుంది. రోగికి ఇది భగవంతుడు ప్రసాదించిన వరం. కాని, దెబ్బ తగిలినదని రేపు న్యాయస్థానంలో నిరూపించవలసిన వానికి ఇది దినదినమూ కరిగిపోతున్న సాక్ష్యం. గాయం మాయమైన తరువాత దానిని గురించి మాట్లాడేది కాగితం ఒక్కటే.

ఈ సంగతి మా మామూజాన్‌కు జరిగిన ప్రమాదం మూలంగా నాకు తెలిసివచ్చినది. సోదర విద్యార్థులకు ఏనాడైనా ఉపకరించవచ్చునన్న తలంపుతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మామూజాన్ దర్జీ. షేర్వానీ కుట్టడంలో మా పట్టణంలో ఆయనకు మంచి పేరున్నది. 2025 ఫిబ్రవరిలో, షబే బరాత్ గడిచిన వారంలో, ఆయన సైకిలుపై ఇంటికి వస్తుండగా వెనుకనుండి వచ్చిన కారు ఒకటి ఢీకొన్నది. కుడిచేయి నేలకానించి పడిపోయినారు. ఒక ఆటో సోదరుడు ఆయనను ఆసుపత్రికి చేర్చి, తన పేరు చెప్పడానికి మాత్రం సంకోచించినాడు. ఆ సంకోచం అనవసరం. 2019లో మోటారు వాహనాల చట్టానికి జరిగిన సవరణలో చేరిన 134ఏ సెక్షను క్షతగాత్రులను కాపాడిన బాటసారికి రక్షణ కల్పిస్తున్నది. ఇష్టం లేనివానిని పేరు చెప్పమని నిర్బంధించరాదు. క్షతగాత్రునికి ముందు చికిత్స చేయవలెననీ, చట్టపరమైన లాంఛనాలు ఆ తరువాతనేననీ 1989లోనే సుప్రీంకోర్టు పరమానంద్ కటారా కేసులో తీర్పు చెప్పియున్నది.

ఆసుపత్రిలో వైద్యుడు దీనిని మెడికో లీగల్ కేసుగా నమోదు చేసి పోలీసు వారికి కబురు పంపినాడు. అటుపిమ్మట గాయాల ధ్రువపత్రం వ్రాసినాడు. ఆ పత్రం ఎట్లా ఉంటుందో మనలో చాలామందికి తెలియదు. రోగిని ఎవరు, ఏ వేళకు తీసికొనివచ్చినారో మొదట వ్రాస్తారు. మరొకని గాయం ఇతని పేర చేరకుండా ఒంటిపై రెండు గుర్తులు వ్రాస్తారు. మామూజాన్ మెడపైనున్న పుట్టుమచ్చ ఆనాడు ప్రభుత్వ పత్రానికెక్కినది. ఆ తరువాత ఒక్కొక్క గాయమూ వరుసగా వ్రాయబడుతుంది. దోక్కుపోయినదా, కమిలినదా, చిట్లినదా, ఏ అవయవంపై ఏ ప్రక్కన ఉన్నది, పొడవు వెడల్పులు ఎన్ని సెంటీమీటర్లు, ఎంత సేపటి క్రిందటిది అన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. చిట్టచివర అది సామాన్యమైన గాయమా, తీవ్రమైన గాయమా అన్న అభిప్రాయం ఉంటుంది.

ఆ చివరి మాట మీదనే చాలా ఆధారపడియున్నది. మామూజాన్ పత్రంలో నాలుగు గాయాలూ సామాన్యమైనవని వ్రాయబడినది. వైద్యుడు ఎక్స్‌రే తీయించి చూచినాడు. ఎముక విరిగిన జాడ కనిపించలేదు. "నొప్పి తగ్గకపోతే పది పన్నెండు దినాలకు మరల రండి" అని చెప్పి, చేతికి కట్టు కట్టి పంపినాడు. ఆ మాట చెప్పడం ఆయన విజ్ఞత. బొటనవ్రేలి మొదట, మణికట్టు ప్రక్కన పల్లమువలె ఉండే చోటులో స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక ఉన్నది. అరచేయి ఆనించి పడినవారికి అది చిట్లడం కద్దు. మొదటి ఎక్స్‌రేలో ఆ చీలిక అనేక సందర్భాలలో కనిపించదు; పది పదునాలుగు దినాల తరువాత తీసినప్పుడు బయటపడుతుంది. ఆ ఎముకకు రక్తప్రసారం తక్కువ గనుక అతుక్కొనడం ఆలస్యం. అశ్రద్ధ చేస్తే అసలే అతుక్కొనకపోవచ్చు.

ఆ పన్నెండు దినాలూ నేను ఒక నోటుపుస్తకం పెట్టి, ప్రతి రాత్రీ తేదీ వేసి, మామూజాన్ చెప్పినది చెప్పినట్లు వ్రాసినాను. ఈనాడు కత్తెర పట్టలేకపోయినారు. ఈనాడు చొక్కా బొత్తాము పెట్టుకొనలేకపోయినారు. ఈనాడు నిద్రలో మూడు పర్యాయాలు లేచినారు. ఈ విధంగా సాగినది ఆ పుస్తకం. పడినప్పుడు కనిపించని కమిలిన మచ్చలు మూడవనాడు మోచేతి క్రింద తేలినవి. లోపలి రక్తం క్రిందికి జారి దెబ్బ తగిలిన చోటికి దూరంగా కనిపించడం సహజమేనట. వాటి ఛాయాచిత్రాలు తీసేటప్పుడు కొలత తెలియవలెనని, దుకాణంలోని కొలత టేపునే గాయం ప్రక్కన పరచినాను. "ముప్ఫై ఏండ్లు లోకుల చేతులు కొలిచిన టేపు ఇది. ఈనాడు నా చేతికే వచ్చినది, బేటా" అని మామూజాన్ నవ్వినారు.

రెండవ ఎక్స్‌రేలో చీలిక కనిపించినది. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్రమైన గాయం. పూర్వపు శిక్షాస్మృతిలోనూ, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షనులోనూ తీవ్ర గాయాలు ఎనిమిది విధాలుగా లెక్కింపబడినవి. తీవ్రమైన బాధతోనో, నిత్యకృత్యాలు చేసికొనలేకనో పాత చట్టం ప్రకారం ఇరువది దినాలు గడపవలసియుండగా, కొత్త చట్టం దానిని పదునైదు దినాలకు తగ్గించినది. దినచర్య వ్రాసికొన్న పుస్తకానికి ఇక్కడ ఎంత విలువ ఉన్నదో చదువరులే గ్రహింతురు గాక. మొదటి పత్రానికీ రెండవ ఎక్స్‌రేకూ నడుమ ఏర్పడిన ఖాళీని ఆ పుస్తకం పూరించినది. ఈ నొప్పి ఆ ప్రమాదానిదేనని, నడుమ మరొక దెబ్బ తగులలేదని అది చెప్పినది. వైద్యుడు దానిని చదివి, ఎక్స్‌రేను చూచి, తన తుది అభిప్రాయాన్ని సవరించి వ్రాసినాడు.

రంజాను మాసం వచ్చినది. ఏడాది సంపాదనలో అధికభాగం దర్జీలకు ఆ నెలలోనే వస్తుంది. మామూజాన్ చేయి సిమెంటు కట్టులో ఉన్నది. దుకాణానికి వచ్చిన బట్టలు వచ్చినట్లే తిరిగి వెళ్ళినవి.

చికిత్స ముగిసిన పిదప వైకల్య ధ్రువపత్రం తీసికొనవలసి వచ్చినది. బొటనవ్రేలి పట్టు పూర్వమువలె లేదు. ఈ సందర్భంలో ఒక హితైషి, శాతం కాస్త హెచ్చుగా వ్రాయించుకొంటే పరిహారం పెరుగుతుందని సలహా ఇచ్చినాడు. మామూజాన్ అంగీకరించలేదు. "కొలత తప్పు వ్రాసికొని కుట్టిన షేర్వానీ ఎవరికి సరిపోతుంది? ఎంత ఉన్నదో అంతే వ్రాయమనండి" అన్నారు. ఆ ఇంటి పొయ్యి ఏ స్థితిలో ఉన్నదో ఎరిగిన నాకు ఆ మాట మరువరానిది.

ఆయనకు అబద్ధం చెప్పవలసిన అవసరం కూడ లేదని తరువాత న్యాయవాది వివరించినారు. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం అవయవ వైకల్యం వేరు, సంపాదనా శక్తి నష్టం వేరు. ఎడమచేయి పోయిన వడ్రంగికీ డ్రైవరుకూ బ్రతుకుతెరువే పోవచ్చు. అదే చేయి పోయిన ప్రభుత్వ గుమాస్తా ఉద్యోగం నిలువవచ్చు. కనుక శాతంతోబాటు వృత్తిని గూడ నిరూపించవలెను. దానికి ఆధారం మామూజాన్ ఉర్దూలో వ్రాసికొన్న లెక్కల పుస్తకాలు. గడచిన మూడు రంజానులలో కుట్టిన బట్టల లెక్క వాటిలో ఉన్నది. తెలుగు విభాగంలోని ఒక మిత్రుడూ నేనూ కూర్చుండి, ఆ పుటలను తెలుగులోనికి మార్చి న్యాయవాదికి అందించినాము. మన కళాశాలలో రెండు భాషలు ప్రక్క ప్రక్కన నేర్చుకొన్న ఫలం ఆనాడు నాకు చేతికందినది.

పరిహార ట్రిబ్యునలులో దావా వేయడానికి ప్రమాదం జరిగిన నాటినుండి ఆరు నెలల గడువు 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. ఆ గడువుపై వివాదాలు ఉన్నత న్యాయస్థానాలకెక్కినా, ఆ లోపల దాఖలు చేయడమే క్షేమం. మేము అట్లే చేసినాము. పోలీసు వారు సైతం నలభై ఎనిమిది గంటలలో తొలి నివేదికను, తొంబది దినాలలో సమగ్ర నివేదికను ట్రిబ్యునలుకు పంపవలెనని నియమం ఉన్నది. దావా విచారణలో ఉన్నది. ఫలితం దైవాధీనం, కాగితాలు మాత్రం సక్రమంగా ఉన్నవి.

మిత్రులారా! మన బస్తీలలో కూలి చేసికొని బ్రతికేవారు ప్రమాదం జరిగినప్పుడు "ప్రాణం దక్కినది, అంతే చాలు" అని ఇంటికి వెళ్ళిపోతారు. గాయం మానుతుంది, చేతి పట్టు తిరిగి రాదు, అడుగుదామంటే ఆధారం ఉండదు. వ్రాయడం రాని ఆ ఇండ్లలో వ్రాయనేర్చినవారము మనమే. ఆసుపత్రి చీటీలు, మందుల రసీదులు, ఎక్స్‌రే పటాలు తేదీల వరుసలో ఒక సంచిలో దాచండి. గాయాల ఛాయాచిత్రాలు దినం విడిచి దినమైనా తీయండి. రోగి చెప్పినదానికి ఒక్క మాట చేర్చకుండా, ఒక్క మాట తగ్గించకుండా రాత్రికి రాత్రే వ్రాయండి. దీనికి న్యాయశాస్త్రం చదువనక్కరలేదు. ఒక నోటుపుస్తకం, ఒక కలం, పొరుగువాని బాధను ఓపికగా వినే మనస్సు ఉంటే చాలును.